జి కార్డ్ పడకపోతే ముందు జి7 పట్టండి: సరళీ స్వరాలు వచ్చినవాళ్లకి ఉకులేలే ఫ్రెట్‌బోర్డ్

ఒకావిడ నన్ను అడిగిన విషయం క్లుప్తంగా ఇది: ఎంవీపీ కాలనీలో ఉంటారు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాల దాకా నేర్చుకుని మానేశారు. రెండు నెలల క్రితం కాన్సర్ట్ సైజు ఉకులేలే (గిటార్‌లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) కొన్నారు. సి, ఎ మైనర్, ఎఫ్ కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి పలికే పట్లు) పడుతున్నాయి, జి దగ్గర చెయ్యి ఆగిపోతోంది, కార్డ్ మారినప్పుడల్లా పాట తెగిపోతోంది. ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద వేళ్లతో నొక్కే పలక) అంతా బట్టీ పట్టాల్సిందేనని ఒకరు, అసలు అక్కర్లేదని ఇంకొకరు చెప్పారట. రోజూ పొద్దున్నే తీగలు శ్రుతి తప్పి ఉంటున్నాయి, వైజాగ్ గాలి వల్లేనా అని అనుమానం. పైగా గొంతు అయిదున్నర శ్రుతి, ఈ కార్డ్‌లతో పాడలేకపోతున్నారు.

అమ్మా, గీతాల దాకా వచ్చారంటే ఫ్రెట్‌బోర్డ్ సగం మీకు ముందే తెలుసు. ఆ సంగతి మీకు చెప్పినవాళ్లు లేరంతే. వారాంతాల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటివాళ్లే. చిన్నప్పటి సంగీతాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేసి, ఉకులేలేని ఇంగ్లీషు అక్షరాలతో మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ తాళం ముందు తీసేద్దాం.

సి ని షడ్జంగా పెట్టుకోండి. ఒళ్లో ఉకులేలే పట్టుకుని కిందికి చూస్తే మీ మొహానికి దగ్గరగా ఉన్న తీగ జి. అది పంచమం. తర్వాతది సి, షడ్జం. ఆ తర్వాత ఇ, అంతర గాంధారం. నేలకి దగ్గరగా ఉన్నది ఎ, చతుశ్రుతి ధైవతం. అంటే వేలు పెట్టకుండా నాలుగు తీగలూ మీటితే వచ్చేది ప స గ ధ. ఒక్క రి చేరితే మోహన రాగం పూర్తయినట్టే. ఇంకో సంగతి గమనించండి. పైన ఉన్న జి తీగ మంద్ర పంచమం కాదు, షడ్జం కంటే పైనున్న పంచమమే. గిటార్ వాయించేవాళ్లు ఇక్కడే తికమక పడతారు, వాళ్లకి పై తీగ అంటే లావు తీగ. మీకు ఆ అలవాటు లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీల నడిమి గడే ఫ్రెట్. ఒక ఫ్రెట్ అంటే ఒక స్వరస్థానం. పన్నెండు ఫ్రెట్లు దాటితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. ఇప్పుడు వాయించి చూడండి. సి తీగ ఓపెన్‌గా, అంటే వేలు పెట్టకుండా, స, అదే తీగ మీద 2వ ఫ్రెట్ రి. ఇ తీగ ఓపెన్‌గా గ, 1వ ఫ్రెట్ మ, 3వ ఫ్రెట్ ప. ఎ తీగ ఓపెన్‌గా ధ, 2వ ఫ్రెట్ ని, 3వ ఫ్రెట్ తారస్థాయి స. అయిపోయింది, శంకరాభరణం ఆరోహణ. చెయ్యి మూడో ఫ్రెట్ దాటలేదు. 1వ ఫ్రెట్‌కి చూపుడు వేలు, 2కి మధ్య వేలు, 3కి ఉంగరపు వేలు అని పద్ధతిగా పెట్టుకుంటే చాలు. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో నేర్చుకుని ఉంటారు కదా, దానికి మార్చాల్సినవి రెండే. రి ని సి తీగ 1వ ఫ్రెట్‌కి దించండి. ధ ని ఇ తీగ 4వ ఫ్రెట్‌లో చిటికెన వేలితో పట్టండి. మిగిలినవన్నీ ఉన్నచోటే. మీకు నోటికి వచ్చిన సరళులు, జంట స్వరాలు ఒక వారం ఇలా వాయించండి. చార్టు చూసి బట్టీ పట్టేదానికంటే ఇదే గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే తప్పు ఫ్రెట్ పడితే మీ చెవే ఒప్పుకోదు.

గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మాత్రం దీని నుంచి ఆశించకండి. ఫ్రెట్లున్న చిన్న నైలాన్ తీగల వాయిద్యం ఇది, తీగని కొంచెం లాగితే కొంచెం ఊగుతుంది, అంతే. వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే, మన పక్కనే 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది ఎంత మనదైందో తెలిసిందే. కానీ దానికి ఫ్రెట్లు లేవు, వేలు ఎక్కడికైనా జారుతుంది. ఉకులేలే మీద తోడి రాగం వాయించాలని చూసి నిరుత్సాహపడినవాళ్లు ఉన్నారు. మీరు ఆ జోలికి పోవద్దు. దీని బలం కార్డ్‌లు, వాటితో పాటు పాడటం.

ఇక కార్డ్‌లు. కార్డ్ అంటే చార్టులో నల్ల చుక్కల బొమ్మ అనుకుంటే ఒక్కో బొమ్మా విడిగా గుర్తుపెట్టుకోవాలి. మూడు స్వరాలు ఒకేసారి పలకడం అనుకుంటే బట్టీ పని తగ్గిపోతుంది. సి కార్డ్ స గ ప. ఎ మైనర్ ధ స గ. ఎఫ్ మ ధ స. జి ప ని రి. ఇప్పుడు మీకు వచ్చిన మూడు కార్డ్‌లనే మళ్లీ చూడండి. ఓపెన్ తీగల్లో ప స గ ముందే ఉన్నాయి, సి కార్డ్‌కి అడ్డొచ్చేది ఎ తీగ మీదున్న ధ ఒక్కటే. అందుకే ఉంగరపు వేలితో ఎ తీగ 3వ ఫ్రెట్ నొక్కి దాన్ని స చేస్తున్నాం. ఎ మైనర్‌కి ధ స గ కావాలి. ఇక్కడ అడ్డొచ్చేది జి తీగ మీది ప. మధ్య వేలితో 2వ ఫ్రెట్ నొక్కితే అది ధ అయింది. ఎఫ్‌కి ఆ ధ అలాగే ఉంచి, ఇ తీగ 1వ ఫ్రెట్‌లో చూపుడు వేలు పెట్టి గ ని మ చేశాం. ప్రతి వేలూ ఒక అక్కర్లేని స్వరాన్ని సవరించడానికే అక్కడ ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఫ్రెట్‌బోర్డ్ వేరు, కార్డ్‌లు వేరు అనే గొడవే ఉండదు. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ వాటిని రెండు పాఠాలుగా చూశారు, తేడా అక్కడ వచ్చింది.

మీ అసలు ఇబ్బంది జి కదా. జి కార్డ్‌లో మూడు వేళ్లు త్రికోణంగా కూర్చోవాలి: సి తీగ 2వ ఫ్రెట్‌లో చూపుడు, ఇ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంగరపు, ఎ తీగ 2వ ఫ్రెట్‌లో మధ్య వేలు. ఎఫ్ నుంచి దీనికి రావాలంటే ఉన్న రెండు వేళ్లూ లేచిపోవాలి, మూడు కొత్త చోట్ల దిగాలి. రెండు నెలల చేతికి అది కష్టమే. కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టి జి7 పట్టండి. ఇ తీగ 1లో చూపుడు, సి తీగ 2లో మధ్య, ఎ తీగ 2లో ఉంగరపు వేలు. ఇదీ త్రికోణమే, కాకపోతే తలకిందుల త్రికోణం.

ఇది ఎందుకు తేలికో చూడండి. ఎఫ్ పట్టి ఉన్నారు. చూపుడు వేలు ఇ తీగ 1వ ఫ్రెట్‌లో ఉంది. జి7 లోనూ అది అక్కడే, కదిలించాల్సిన పని లేదు. మధ్య వేలు జి తీగ నుంచి పక్కనే ఉన్న సి తీగ మీదికి, అదే 2వ ఫ్రెట్‌లో, ఒక్క తీగ జరుగుతుంది. ఉంగరపు వేలు కొత్తగా దిగుతుంది. ఇక జి7 నుంచి సి కి: ఉంగరపు వేలు ఎ తీగ మీదే ఉంది కదా, ఎత్తకుండా ఒక్క ఫ్రెట్ ముందుకి, 3వ ఫ్రెట్‌కి జార్చండి, మిగతా రెండు వేళ్లు తీసేయండి. సి వచ్చేసింది. ఎ మైనర్ నుంచి ఎఫ్‌కి మధ్య వేలు కదలదని మీకు తెలిసే ఉంటుంది. అంటే సి, ఎ మైనర్, ఎఫ్, జి7, మళ్లీ సి అనే చక్రంలో ఒక్క మొదటి మార్పులో తప్ప ప్రతిచోటా ఏదో ఒక వేలు తీగని వదలకుండానే దారి చూపిస్తుంది. ఆ వేలిని ఎత్తకపోవడమే మీరు సాధన చేయాల్సింది. చాలామంది కార్డ్ మార్చేముందు నాలుగు వేళ్లూ గాల్లోకి లేపి మళ్లీ దింపుతారు, పాట తెగేది అక్కడే.

జి7 నుంచి సి కి వచ్చినప్పుడు హమ్మయ్య, ఇంటికి చేరాం అన్నట్టు వినిపిస్తుంది. దానికీ కారణం మీ వేళ్ల కిందే ఉంది. జి7 లో నాలుగు తీగల మీద పలికేవి ప, రి, మ, ని. సి లో అవే తీగల మీద ప, స, గ, స. ప ఉన్నచోటే ఉంటుంది. రి దిగి స అవుతుంది. మ అర మెట్టు దిగి గ అవుతుంది. ని అర మెట్టు ఎక్కి స అవుతుంది. కాకలి నిషాదం పాడి ఆపేస్తే షడ్జం కోసం చెవి ఎలా ఆరాటపడుతుందో మీకు తెలుసు. ఉంగరపు వేలు జారేటప్పుడు జరిగేది సరిగ్గా అదే. ఒక్కో తీగనీ విడిగా మీటి వినండి, తర్వాత నాలుగూ కలిపి మీటండి. ఈ ఒక్క మార్పుని ఒక సాయంత్రమంతా వాయించినా నాకైతే విసుగు రాదు.

జి7 అలవాటయ్యాక అసలు జి కి వెళ్దురు గాని. అప్పుడు ఎఫ్ నుంచి కాదు, సి నుంచి మొదలుపెట్టండి. సి లో ఉంగరపు వేలు ఎ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంది. జి లో అదే వేలు ఇ తీగ 3వ ఫ్రెట్‌లో ఉండాలి. ఫ్రెట్ మారలేదు, తీగే పక్కకి జరిగింది. ముందు ఆ వేలు జరిపి, దానికి రెండు పక్కలా 2వ ఫ్రెట్‌లో చూపుడు, మధ్య వేళ్లు దింపండి.

సాధనకి మెట్రోనోమ్ (లయ లెక్కపెట్టే) యాప్ అక్కర్లేదు, మీ దగ్గర ఆది తాళం ఉంది. లఘువు నాలుగు అక్షరాలకి ఒక కార్డ్, రెండు ద్రుతాలు కలిపి నాలుగు అక్షరాలకి ఇంకో కార్డ్. అక్షరానికి ఒక్క మీటు, పై నుంచి కిందికి, చూపుడు వేలి గోటితో, మెడ పెట్టెకి కలిసేచోట. తాళం మనసులో లెక్కపెట్టండి. మొదట విలంబంలో, అంటే నెమ్మదిగా. ఎడమ చెయ్యి ఆలస్యమైనా కుడి చెయ్యి ఆగకూడదు. కార్డ్ సగమే పడ్డా, ఓపెన్ తీగలు మోగినా సరే, మీటు పడాల్సిందే. తాళం తప్పకపోతే స్వరం తప్పినా వినేవాళ్లు క్షమిస్తారు, తాళం తప్పితే అందరికీ తెలిసిపోతుంది. స్ట్రమ్మింగ్ ప్యాటర్న్‌లు (మీటే వరసలు) అంటూ బాణం గుర్తులు చూపించే వీడియోలు ఇప్పుడే వద్దు. ఒక్క మీటుతో నాలుగు కార్డ్‌లు నిలకడగా మారాక కిందికి, పైకి రెండూ కలపండి. మన పాటల్లో తిశ్ర నడక ఎక్కువ కాబట్టి మూడేసి మీట్లు అలవాటు చేసుకుంటే చాలా పాటలకి పనికొస్తుంది.

తీగ జరజరమంటోందా, లేక మూగబోతోందా? వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేంత దగ్గరగా ఉందేమో చూడండి. రెండు కమ్మీల నడిమధ్య నొక్కితే ఎక్కువ బలం కావాలి, అయినా శబ్దం సరిగ్గా రాదు. సి కార్డ్‌లో ఉంగరపు వేలి కండ ఇ తీగకి తగులుతుంది, ఎఫ్‌లో చూపుడు వేలు ఎ తీగకి తగులుతుంది. ఈ రెండూ కొత్తవాళ్లందరికీ ఉండేవే. వేలిని నిలువుగా, కొనతో దించండి. ఎడమ చేతి గోళ్లు కత్తిరించుకోండి.

ఫ్రెట్‌బోర్డ్ అంతా నేర్చుకోవాలా అన్నదానికి నా సమాధానం: మొదటి అయిదు ఫ్రెట్లు నేర్చుకోండి, అవీ మూడు తీగల మీదే. జి తీగ 2వ ఫ్రెట్ నొక్కితే వచ్చేది ఓపెన్ ఎ, అదే స్థాయిలో. కాబట్టి ఎ తీగ మీద ఎక్కడ ఏ స్వరం ఉందో తెలిస్తే దానికి రెండు కలిపితే జి తీగ మీద ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒక తీగ నేర్చుకునే పని తప్పింది. పైకి వెళ్లాలనిపించినప్పుడు మెడ మీది చుక్కలు చూసుకోండి. ఎక్కువ ఉకులేలేలకి చుక్కలు 5, 7, 10, 12 దగ్గర ఉంటాయి. గిటార్‌కి 10 బదులు 9 దగ్గర ఉంటుంది, గిటార్ పాఠాలు చూసేటప్పుడు మోసపోకండి. సి తీగ మీద 5 అంటే మ, 7 అంటే ప, 12 అంటే పై స. 10 మాత్రం కైశిక నిషాదం, శంకరాభరణంలో లేనిది.

ఇంకొకటి. ఓపెన్ తీగలున్న కార్డ్ ఆకారాన్ని పైకి జరపాలంటే ఓపెన్ తీగల్ని కూడా జరపాలి, అందుకు ఒక వేలు అడ్డంగా వేయాలి. ఎ కార్డ్ జి తీగ 2లో, సి తీగ 1లో, మిగతా రెండు ఓపెన్. దాన్నంతా ఒక ఫ్రెట్ జరిపితే 3, 2, 1, 1. అదే అందరినీ ఏడిపించే బి ఫ్లాట్. తెలియని కొత్త కార్డ్ కాదది, ఎ కార్డే ఒక మెట్టు ఎక్కింది. ఇది మీకు ఇప్పుడే పడదు, పడకపోయినా టెన్షన్ పడకండి. ఎఫ్ లో పాడే పాటల దాకా దాని అవసరం పెద్దగా రాదు.

మధ్యమధ్యలో సరదాకి మోహన వాయించండి. మోహనకి కావాల్సిన స రి గ ప ధ మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉన్నాయి. సి, ఎ మైనర్ రెండు కార్డ్‌లూ పూర్తిగా ఆ స్వరాలతోనే అయినవి. ఇంట్లో ఎవరినైనా ఆ రెండు కార్డ్‌లూ వంతులవారీగా మీటమని, మీరు మోహనలో నేర్చుకున్న గీతం పాడండి, ఎక్కడా అపస్వరం తగలదు. ఎఫ్ గానీ జి గానీ కలిపితే మ, ని వచ్చి చేరతాయి, తేడా వెంటనే తెలుస్తుంది. కర్ణాటక సంగీతానికి కార్డ్‌లు తోడుపెట్టడం మీ గురువుగారికి నచ్చకపోవచ్చు. ఆయన మాట కూడా సబబే, రాగం గమకంలో ఉంటుంది గానీ మూడు స్వరాల మూటలో ఉండదు. ఇది చేతికి, చెవికి సాధన వరకే.

శ్రుతి తప్పడం గురించి. మన ఊరి ఉప్పుగాలిని అంతగా నిందించకండి. 1879లో మదీరా ద్వీపం నుంచి హోనలూలూ రేవుకి ఓడలో వచ్చిన వడ్రంగులు, తమతో తెచ్చుకున్న చిన్న వాయిద్యాన్ని చూసి హవాయిలో చేసినది ఈ ఉకులేలే. సముద్రం పక్కనే పుట్టింది. కొత్త నైలాన్ తీగలు మొదట్లో సాగుతూనే ఉంటాయి, కానీ మీకు రెండు నెలలైంది కాబట్టి అది కారణం కాకపోవచ్చు. పొద్దున్నే ట్యూనర్‌తో (శ్రుతి చూపించే పరికరంతో) చూడండి. నాలుగు తీగలూ దాదాపు ఒకేలా పైకో కిందికో జరిగి ఉంటే అది గాలి మార్పు. రాత్రంతా ఏసీ వేసి పొద్దున్న కిటికీ తెరిచే ఇళ్లలో ఇది రోజూ జరుగుతుంది, కంగారు పడక్కర్లేదు. ఒక్క తీగే తప్పుతుంటే దాని మర (తీగ బిగించే చెవి) వదులుగా ఉంది, లేదా బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు కట్టే పట్టీ) దగ్గర ముడి జారుతోంది. మరకి ఉన్న చిన్న స్క్రూ బిగించండి. ఎప్పుడైనా తీగని ముందు కొంచెం కిందికి దించి, పైకి తెస్తూ శ్రుతి దగ్గర ఆపండి. పై నుంచి దించి ఆపితే మళ్లీ జారుతుంది.

విదేశీ వీడియోల్లో ఉకులేలే సంచిలో తేమ పెట్టే డబ్బా పెట్టమంటారు. అది చలికి గాలి ఎండిపోయే ఊళ్లకి. వైజాగ్‌లో మనకి తేమే ఎక్కువ, సంచిలో సిలికా జెల్ పొట్లం చాలు. బీచ్ రోడ్డులో వాయించి వచ్చాక మరల్నీ, ఫ్రెట్ కమ్మీల్నీ పొడి గుడ్డతో తుడవండి, తుప్పు పట్టేవి అవే. ఎండలో కారులో వదిలేయడం మాత్రం అస్సలు వద్దు, జిగురు వదిలి బ్రిడ్జ్ ఊడివస్తుంది.

ట్యూనర్ లేనప్పుడు చెవితో సరిచూసుకోవచ్చు. సి తీగ 4వ ఫ్రెట్, ఓపెన్ ఇ ఒకేలా ఉండాలి. ఇ తీగ 3వ ఫ్రెట్, ఓపెన్ జి ఒకటే. ఇ తీగ 5వ ఫ్రెట్, ఓపెన్ ఎ ఒకటే. తీగలు సరిగ్గానే ఉండి, మొదటి ఫ్రెట్‌లో నొక్కిన స్వరం మాత్రం ఎక్కువ పలుకుతుంటే మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ, అంటే నట్, ఎత్తుగా ఉందన్నమాట. చవక వాయిద్యాల్లో ఇది మామూలే. గిటార్ బాగుచేసేవాళ్లు ఆ గాడిని కొంచెం అరగదీసి ఇస్తారు. మీరే ఆకురాయి పట్టుకోవద్దు, ఎక్కువ అరిగితే నట్ మార్చాలి.

చివరికి మీ గొంతు. సి అంటే ఒకటి శ్రుతి, అయిదున్నర అంటే జి షార్ప్. సి కార్డ్‌ల చక్రంతో పాడలేకపోవడం మీ తప్పు కాదు, ఆ చార్టు మీ గొంతుకి రాసింది కాదు. అయిదు శ్రుతిలో, అంటే జి షడ్జంగా, జి, ఇ మైనర్, సి, డి7 కావాలి. ఇ మైనర్ జి తీగ ఓపెన్, సి తీగ 4, ఇ తీగ 3, ఎ తీగ 2, మెట్ల వరసలా ఉంటుంది. డి7 కి తేలిక రూపం జి తీగ 2, ఇ తీగ 2, మిగతా రెండూ ఓపెన్. ఇందులో డి అనే స్వరమే లేదు, అయినా పాటకి సరిపోతుంది. ఆరు శ్రుతిలో అయితే ఎ, డి, ఇ7 చాలు. జి పట్టు కుదిరాక ఈ అయిదు శ్రుతి చక్రానికి రండి. అయిదున్నరే కావాలంటే ఉకులేలే కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) కొని 1వ ఫ్రెట్‌లో బిగించి, అవే ఆకారాలు వాయించండి. కాపో లేకపోతే ఒక అర శ్రుతి తగ్గించి పాడండి. కచేరీ కాదు కదా, ఇంట్లో సినిమా పాటే.